పల్లవుల కాలం నాటి మా అత్తగారి అక్క

ఈ ప్రయాణంలో మేం దిగిన ఊరి పేరు రాయను. ఎందుకు రాయనో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. చెన్నై నుంచి ఊత్తుకోట పోయి, అక్కడి నుంచి పక్కదారి పట్టాలి, అంతవరకు చెప్తాను. ఆ ఊళ్ళో చూడదగ్గ గుడి లేదు, కొండ లేదు, కొనుక్కోవడానికి చీరలు లేవు. రోడ్డు పక్కన ఒక రాయి ఉంది. దానికోసమే వెళ్ళాం, నేనూ మా అత్తగారూ.

పెరంబూరు

మా అత్తగారు సరోజమ్మ పుట్టింది ఆ ఊళ్ళో. రైల్వే వర్క్‌షాపు ఉద్యోగిని చేసుకుని పెరంబూరు వచ్చింది. మామగారు పోయాక కూడా ఆ వీధి వదల్లేదు. నాది తెనాలి. కోడలిగా వచ్చి ఇన్నేళ్ళయినా వాళ్ళ ‘ఈడ’, ‘ఆడ’ నా నోటికి పట్టలేదు. అంబత్తూరులో ఒక పంపుల కంపెనీలో లెక్కలు చూస్తాను. సెలవు దొరికితే నాకు ప్రయాణం కన్నా పడక మీద ప్రేమ ఎక్కువ. అలాంటిదాన్ని రెండు రోజులు సెలవు పెట్టించి బస్సెక్కించింది ఆవిడ.

కారణం ఆవిడ మోకాళ్ళు. ఆపరేషనుకు డాక్టరు రోజు చెప్పేశాడు. ఆ సాయంత్రమే వచ్చి నా పక్కన కూర్చుంది.

“లల్తా, కోసినాక నేను మళ్ళా సరిగ్గా నడుస్తానో లేదో. ముందరే ఒక తూరి మా ఊరికి పోయొస్తాం. మా అక్క రాయికి పేరు చెక్కించాల,” అంది.

ఆవిడ అక్క చెంగమ్మ నిండు కడుపుతో చనిపోయింది. అత్తయ్య అప్పటికింకా పరికిణీ కట్టే పిల్ల. ఆ వైపు ఒక నమ్మకం ఉంది. కడుపుతో పోయిన మనిషి పోయినచోట కూడా ఆ బరువు మోస్తూనే ఉంటుందట. అందుకని ఇంటివాళ్ళు ఆమె పేరు చెప్పి దారి పక్కన ఒక రాయి పెడతారు. రెండు రాళ్ళు నిలువుగా పాతి, వాటిమీద ఒక బండ అడ్డంగా వేస్తారు. భుజాల ఎత్తున ఉంటుంది. తలమీద గంపతోనో మోపుతోనో నడిచేవాళ్ళు వంగే పని లేకుండా బరువును దానిమీదికి జరుపుతారు. కాసేపు ఊపిరి పీల్చుకుని, ఇంకొకరి చెయ్యి అక్కర్లేకుండా మళ్ళీ తలకెత్తుకుని పోతారు. ఎవరో ఒకరు అక్కడ బరువు దించిన ప్రతిసారీ పోయినామె బరువు కూడా కాస్త దిగుతుంది. తమిళంలో దాన్ని సుమైతాంగి అంటారు. బరువును మోసేది అని అర్థం.

మా తెనాలిలో ఇలాంటిది నేను వినలేదు. పోయినవాళ్ళ పేరున మా వైపు చలివేంద్రం పెడతారు, గుళ్ళో ఫ్యాను ఇస్తారు. ఫ్యాను రెక్క మీద మా పెదనాన్న పేరు ఇప్పటికీ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, ఎవరికీ చదవడానికి దొరకదు.

చెంగమ్మ రాయిని వాళ్ళ నాన్న ఎద్దుబండి మీద తెచ్చి పాతించాడు. పేరు చెక్కించడానికి మాత్రం చేతిలో లేక, వచ్చే పంటకు చూద్దామన్నాడు. అలాంటి పంట ఆయన బతికుండగా రాలేదు. గడ్డికి పోయివచ్చేటప్పుడు అత్తయ్య తన మోపు ఆ రాయిమీదే దించేదట. దించి, “అక్కా, నువ్వు కూడా దించుకో,” అనేదట. ఈ మాట నాకు ఎన్నోసార్లు చెప్పింది. 

“నేను పోయినానంటే ఆ రాయి ఎవురిదో చెప్పేదానికి మనిషి ఉండదు లల్తా,” అంది ఆ రోజు. ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు చెప్పాను.

ఆ ఊళ్ళో ఆవిడకు మిగిలింది చిన్నాన్న కొడుకు రత్నం. ఆయనకు ఫోన్ చేస్తే, “రాయి భద్రంగా ఉండాదక్కా, నువ్వు రా,” అన్నాడు. ఊత్తుకోట నుంచి రాళ్ళు చెక్కే మనిషిని కూడా మేం వచ్చిన మర్నాడు పొద్దున్నే రమ్మని చెప్తానన్నాడు. భద్రంగా అన్న మాట కాస్త నొక్కి పలికాడని నాకు అప్పుడు తట్టలేదు.

రెడ్ హిల్స్

రెడ్ హిల్స్‌లో బస్సు మారాలి. స్టాండుకు ఎదురుగా ఒక చిన్న హోటల్లో పొంగలు తిన్నాం. మిరియాలు వేయడంలో ఇక్కడివాళ్ళకు దయాదాక్షిణ్యాలు ఉండవు. మా ఊళ్ళో ఇడ్లీకి కారప్పొడీ నెయ్యీ లేకపోతే గొడవ పెట్టుకునే పెద్దమనుషులు ఉంటారు. ఇక్కడ గొడవంతా సాంబారుది. బకెట్టుతో వచ్చినవాడు నేను చెయ్యి అడ్డం పెట్టేలోగానే నా పొంగలును చెరువు చేసి పోయాడు. టీ పదిహేను రూపాయలు, గ్లాసు మాత్రం బొటనవేలంత. అత్తయ్య దాన్ని పైకెత్తి చూసింది. “దగ్గు మందు పోసిచ్చినట్టు ఇచ్చినాడే,” అంది. అంటూనే ఇంకోటి చెప్పింది.

బస్సులో మా పక్క సీటులో ఒక ఆవిడ వేపమండల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూతురికి అమ్మవారు పోసి తగ్గిందట, పెరియపాళెంలో మొక్కు తీర్చడానికి పోతోంది. తెలుగూ తమిళం కలిపి కొడుతూ, మేం ఎక్కడికని అడిగింది. అత్తయ్య దాచుకునే రకం కాదు, రాయి సంగతంతా చెప్పింది.

“మా ఊళ్ళో కూడా ఒకటి ఉండిందమ్మా సుమైతాంగి,” అంది ఆమె. “రోడ్డు పెద్దది చేసేటప్పుడు జేసీబీతో పెరికేసినారు. బండను తీసి కాలవ మింద పరిచినారు. ఇప్పుడు దానిమింద బైకులు నిలబెడతా ఉండారు.”

అత్తయ్య అప్పటినుంచి కిటికీలోంచి రోడ్డు పక్కనే చూస్తూ కూర్చుంది. ఆ రోడ్డంతా పని జరుగుతోంది, ఎక్కడ చూసినా తవ్విపోసిన ఎర్రమట్టి కనబడుతోంది.

పెరియపాళెం

ఇక్కడ దిగకుండా పోతే అమ్మవారు ఊరుకోదని అత్తయ్య పట్టు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. దిగాం. మా వైపు అమ్మవారి పేరు చెప్పి వేపాకు గుమ్మానికి కడతారు, ఇక్కడ మనిషికే కడతారు. పెద్దవాళ్ళూ పిల్లలూ వేపమండలు చీరలా చుట్టుకుని గుడి చుట్టూ తిరుగుతున్నారు. ఇప్పుడు లోపల మామూలు బట్టలు ఉంటాయి కాబట్టి చూడ్డానికి నాకు బాగానే ఉంది. వేపాకు వాసన మాత్రం మా వెంట బస్సుదాకా వచ్చింది.

వెంట రానివి నా చెప్పులు. దర్శనం చేసుకుని వచ్చేసరికి పెట్టినచోట లేవు. కొని నెల కూడా కాలేదు.

“పోనీలే, శని వదిలింది,” అంది అత్తయ్య.

“మీ అమ్మవారి దగ్గర వదిలే శని కూడా కొత్త చెప్పులే చూసుకుంటుందా?” అన్నాను. ఆవిడ నా బుగ్గ మీద పొడిచింది. పక్క దుకాణంలో నా కాలికి సరిపోయే జత లేదు. మగవాళ్ళ నీలం హవాయి చెప్పులు కొనుక్కున్నాను. మిగతా యాత్రంతా నేను పడవల్లో నడిచాను.

రాయి దగ్గర

ఊత్తుకోటలో రత్నం మామయ్య ఆటో మాట్లాడుకుని సిద్ధంగా ఉన్నాడు. మనిషి మంచివాడు, అక్కను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దారి పొడుగునా శనక్కాయల ధర గురించీ, కోతుల గురించీ చెప్పాడు. రాయి గురించి మాత్రం అడిగితేనే చెప్పాడు, అది కూడా “ఉండాదక్కా, చూస్తావు గదా,” అని.

రాయి ఉంది. కాకపోతే చుట్టూ ఆకుపచ్చ రంగేసిన ఇనుప గ్రిల్లు, దానికొక తలుపు, తలుపుకు తాళం. జంతుప్రదర్శనశాలలో నక్కను పెట్టినట్టు పెట్టారు. పక్కనే నీలం బోర్డు, తెల్ల అక్షరాలు. అత్తయ్యకు తమిళం గలగలా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. నాకు మాట్లాడ్డం అంతంతమాత్రం, బస్సు బోర్డులు చూసి చూసి చదవడం వచ్చింది.

“ఏం రాసుండారే?” అంది.

నేను కూడబలుక్కుని చదివాను. పల్లవుల కాలం నాటి పురాతన శిల. ఆనాటి రాజు వేయించినది. మన చరిత్ర మన గర్వం.

“ఏ రాజు?”

“పల్లవ రాజు, అత్తయ్యా.”

“మా నాయన పేరుగాని, అక్క పేరుగాని?”

“లేవు.”

“ఆ కడాన ఎర్రగా ఏం రాసుండాది?”

చెప్పక తప్పింది కాదు. “ముట్టరాదు అని.”

అత్తయ్య గ్రిల్లులోంచి చెయ్యి పెట్టింది. బండ పూర్తిగా అందలేదు, వేళ్ళ చివర్లు మాత్రం తగిలాయి. “బరువు దించుకునే రాయిని ముట్టకూడదంటే ఎట్టా రత్నం? అక్కను జైల్లో పెట్టినారే,” అంది. రత్నం మామయ్య నా నీలం చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు.

నాకు ఒళ్ళు మండింది. మోకాళ్ళు పట్టుకుని ఇంత దూరం వచ్చిన మనిషికి ఇదా చూపించేది? ఈ బోర్డు ఎవరు పెట్టారు, వాళ్ళను పిలవండి, అసలు సంగతి నేను చెప్తాను అని మామయ్య మీద ఎగిరాను. ఆయన నెమ్మదిగా ఫోన్ తీశాడు.

స్కూటీ మీద వచ్చింది దేవకి. ఆ వార్డుకు పంచాయతీ మెంబరు, ముప్పై అయిదేళ్ళుంటాయేమో. నేను నోరు తెరిచేలోగా ఆమె వంగి అత్తయ్య కాళ్ళకు దండం పెట్టింది.

“నాకు తెలుసవ్వా. ఇది చెంగమ్మవ్వ రాయి అని మా నాయనమ్మ చెప్పింది,” అంది.

తెలిసే రాయించిందన్నమాట. నా కోపం రెట్టింపయింది. కానీ ఆమె రోడ్డు వైపు చెయ్యి చూపించింది. ఎదురు పక్కన పాత మైలురాయి ఉండేదట, దొరల కాలం నాటిది. మలుపు దగ్గర ఇలాంటివే మరో రెండు రాళ్ళు. ఒక్క పొద్దుటి పూట అన్నీ పోయాయి.

“రోడ్డు కొలిచేవాళ్ళకి ఇది చచ్చిపోయినావిడ రాయి, వద్దయ్యా అని చెప్పినాను. అట్లాంటివి ఊరూరా ఉంటాయమ్మా, అన్నిటికీ వంకర్లు తిప్పితే రోడ్డెట్టా వేసేది అన్నారు. అప్పుడు పల్లవుల రాయి అన్నాను. దాంతో గమ్మున అయిపోయినారు. ఎవురికో ఫోన్ చేసి, గీత అట్లా తిప్పినారు. చూడండి.”

చూశాం. నేలమీద సున్నపు గీత బారుగా వచ్చి, రాయి దగ్గరికి రాగానే పక్కకు వంగి, దాటాక మళ్ళీ బారుగా పోయింది. వాళ్ళు నిజంగా నమ్మారో, తలనొప్పి ఎందుకనుకున్నారో తెలియదు.

“మరి ముట్టరాదు ఎందుకు రాశావు?” అన్నాను.

దేవకి కాస్త సిగ్గుపడింది. “ఇస్కూల్లో ఉండంగా మహాబలిపురం తీసుకుపోయినారు. ఆడ పల్లవుల రాళ్ళ దగ్గర అట్టనే రాసుండాది. అది లేకుంటే నిజం రాయి మాదిరి ఉండదని రాయించినాను.”

“కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టుంది,” అన్నాను. ఆమెకు నచ్చలేదు, నా వంక చూడకుండా అత్తయ్యతో చెప్పింది.

“రేపు పేరు చెక్కేదానికి మనిషి వస్తా ఉండాడని రత్నం మామ చెప్పినాడు. నువ్వు చెక్కించేది చెక్కించవ్వా, నేను కాదనేదానికి లేదు. ఆమె నీకు అక్క. అయితే తెలుగులో చెంగమ్మ అని ఉంటే పల్లవులని ఎవురు నమ్ముతారు? ఈ పక్క రోడ్డు వేసేది వచ్చే నెల.”

మామయ్య ఇల్లు

రాగి సంకటి, ఎండుచేపల పులుసు. మా తెనాలిలో సంకటి అంటే షుగరు వచ్చినవాళ్ళ తిండి. ఇక్కడ చుట్టాలొస్తే ఆప్యాయంగా పెద్ద ముద్ద పెడతారు. నమలకూడదు, పులుసులో అద్ది మింగాలని మామయ్య భార్య నాకు నేర్పింది. నేను నమిలాను, అందరూ నవ్వారు, అత్తయ్య తప్ప. ఆవిడ కంచంలో ముద్ద ముద్దగానే ఉంది.

నాకు ఒక ఉపాయం తోచింది. “అత్తయ్యా, బండ కింది వైపు చెక్కిస్తే? పైకి కనపడదు కదా.”

“ఎవురన్నా ఒకరు వంగి చూసినా చాలు, ఊరంతా పాకుతాది. వద్దు.”

“పోనీ రోడ్డు అయిపోయాక చెక్కిద్దాం.”

“అప్పటికి నేను వచ్చేదానికి ఉంటానా? నేను లేకుంటే నువ్వొచ్చి చెక్కిస్తావా?” అంది. కోపంగా అడగలేదు, నిజంగానే అడిగింది. చెక్కిస్తానన్నాను. “తర్వాత ఇంకో రోడ్డు వేస్తారు. అప్పుడు?” అంది. చెయ్యి కడుక్కుని లేచిపోయింది. నాకు ఏడుపొచ్చింది. వచ్చిన పని ఒక్కటే, అది కూడా కాకుండా వెనక్కి తీసుకుపోవాలా ఈవిణ్ణి అనుకున్నాను.

పొద్దున

రాళ్ళు చెక్కే ఆయన ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని తెల్లవారగానే రాయి దగ్గరికి వచ్చేశాడు. దేవకి మాకన్నా ముందే వచ్చి నిలబడి ఉంది. రాత్రి నిద్రపోయినట్టు లేదు. అత్తయ్య ఇద్దరినీ చూసింది. చెక్కే ఆయనకు టీ ఇప్పించి, బస్సు ఛార్జీ చేతిలో పెట్టింది.

“పని లేదు నాయనా, పోయిరా,” అంది.

నేను మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపింది. “అబద్ధం చెప్తే అతికినట్టుండాల. కాదా దేవకీ?” అంది.

“ఏందవ్వా?”

“రాజు చత్రాలు కట్టిస్తాడు, చెరువులు తవ్విస్తాడు. అట్టనే సుమైతాంగి పెట్టించినాడు, సరి. నడిచేవాళ్ళు బరువు దించుకునేదానికి పెట్టించినోడు, ముట్టకూడదని ఎందుకంటాడు? దీన్ని చూస్తే ఆ రోడ్డోళ్ళకి కూడా అనుమానం వస్తాది. రాజు ఉండనీలే. ఆ ఎర్ర మాట ఒకటి తుడిచెయ్. తలుపు తీసెయ్.”

“మరి చెంగమ్మవ్వ పేరు?”

“పేరుతో ఆమెకేం పని? ఆమెకు కావాల్సింది బరువు దిగడం,” అంది అత్తయ్య. ఆ మాట అనేటప్పుడు దేవకి వంక కాదు, రాయి వంక చూసింది. పేరు కోసం ఇన్నేళ్ళు ఎదురుచూసింది ఆవిడే కదా. అది ఎంత ఎదురుచూపో ఆ రోడ్డుమీద నాకూ మామయ్యకూ తప్ప ఎవరికీ తెలియదు.

దేవకి తాళం తీసింది. మామయ్యా ఆమే కలిసి గ్రిల్లు తలుపును బందుల నుంచి పైకెత్తి తీసి పక్కన పెట్టారు. తర్వాత స్కూటీ వేసుకుపోయి నీలం, తెలుపు డబ్బాలు, బ్రష్షులు తెచ్చింది. ఎర్ర అక్షరాల మీద నీలం పూసి, కాస్త ఆరనిచ్చి, పైన తెల్లగా రాసింది. రాత ఏటవాలుగా వచ్చింది. నేను చదివి అత్తయ్యకు చెప్పాను: బాటసారులు బరువులు దించుకోవచ్చు.

నాకు లోపల ఒక అనుమానం ఉంది. వచ్చినప్పటినుంచి ఆ రోడ్డుమీద బైకులూ ఆటోలే చూశాను, తలమీద మోసేవాళ్ళు ఎవరూ కనపడలేదు. ఈ తరంలో ఇక్కడ దించేవాళ్ళెవరు అని అడగాలనిపించి, మానేశాను. అత్తయ్య మాత్రం నిశ్చింతగా కల్వర్టు గోడమీద కూర్చుంది. పాలు పిండుకునే ఇళ్ళు ఉన్నంతకాలం గడ్డి రాక తప్పదని ఆవిడకు తెలుసు. పొద్దెక్కాక పొలాల వైపు నుంచి ఒకామె పచ్చిగడ్డి మోపు తలమీద పెట్టుకుని వచ్చింది. మమ్మల్నీ, తలుపు లేని గ్రిల్లునూ చూసి నడక తగ్గించింది.

“దించుకో అమ్మా,” అంది అత్తయ్య.

“వద్దవ్వా. రాజు రాయంట, ముట్టకూడదంట గదా.”

“ముట్టొచ్చు. ఇప్పుడే రాసినారు చూడు.”

ఆమె దేవకి వంక చూసింది. దేవకి తలాడించింది. ఆమె గ్రిల్లులోకి అడుగుపెట్టి, బండకు దగ్గరగా నిలబడి, మోపును మెల్లగా జరిపింది. బరువు బండమీదికి పోయాక మెడ అటూ ఇటూ తిప్పి, చుట్టకుదురు తీసి దాంతోనే మొహం తుడుచుకుంది. మా సీసాలో నీళ్ళు ఇస్తే తాగింది.

“నిజంగా రాజు పెట్టించిందేనా అవ్వా ఇది?” అంది.

దేవకి బ్రష్షు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మామయ్య దగ్గాడు. నేను అత్తయ్య వంక చూడలేకపోయాను.

“ఆమా, రాజే,” అంది అత్తయ్య. “మన మాదిరి వాళ్ళు దించుకునేదానికే పెట్టించినాడంట.”

ఆమె చుట్టకుదురు మళ్ళీ నెత్తిన పెట్టుకుంది. అత్తయ్య గోడ మీంచి లేచి, మోపు ఎత్తి తలమీద పెట్టడానికి రెండు చేతులూ చాచింది. “వద్దులేవ్వా, ఈడ ఎత్తే మనిషి అక్కర్లేదు,” అని ఆమె తల వంచి బండ అంచుకు చేర్చి, మోపును తనే తలమీదికి లాక్కుని నడిచిపోయింది.

ఆమె మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా అత్తయ్య ఆగింది. తర్వాత చాచిన ఆ చేతులు తెచ్చి, గడ్డి తడి ఇంకా ఆరని బండమీద పెట్టింది.

“అక్కా, నువ్వు కూడా దించుకో,” అంది.